నాలుగు గంటల తర్వాత బడి గేటు తెరిచి ఉంచండి

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి, జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) కమిషనర్ గారికి, జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

నమస్కారం. మున్సిపల్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరైనవాడిని. ఇప్పుడు ఆరిలోవ వైపు ఒక కొండవాలు కాలనీలో సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టుకుంటున్నాను. ఒకే లేఖ ముగ్గురికి రాయడానికి కారణం ఉంది. మున్సిపల్ బడి గోడలు, గేటు జీవీఎంసీవి. 2022లో 84 నంబరు జీవో వచ్చాక అక్కడి టీచర్ల పర్యవేక్షణ విద్యాశాఖ చేతికి వెళ్లింది. ఈ రెండు శాఖల్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగింది కలెక్టర్ గారొక్కరే. నేను అడగబోయే పని మీలో ఒక్కరు ఒప్పుకుంటే జరగదు. ఒక్కరు వద్దంటే మాత్రం ఆగిపోతుంది.

అడిగేది పెద్ద పనేమీ కాదు. బడుల్లో ఇప్పటికే ఉన్న పెద్ద టచ్ స్క్రీన్ ప్యానళ్లు, స్మార్ట్ టీవీలు, పాత ట్యాబ్‌లు సాయంత్రం నాలుగు తర్వాత కూడా పిల్లలకు అందేలా ఒక గది తెరిచి ఉంచండి. ఆ గదిలో ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టండి. ఆన్‌లైన్ చదువు, డిజిటల్ చదువు, బ్లెండెడ్ లెర్నింగ్, ఏ పేరుతో పిలిచినా సరే, దాన్ని పిల్లల ఇళ్లకు పంపేసి చేతులు దులుపుకోవద్దు.

ఎందుకంటే ఇళ్లకు పంపి చూశాం. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక పదో తరగతి పిల్లల కోసం సప్తగిరి ఛానల్లో విద్యామృతం మొదలుపెట్టారు. తర్వాత మిగతా తరగతులకు విద్యావారధి, రేడియోలో విద్యాకలశం వచ్చాయి. ఆ రోజుల్లో అంత వేగంగా పాఠాలు రికార్డు చేయించి ప్రసారం చేయడం మామూలు విషయం కాదు. ఆ పాఠాలు చెప్పిన టీచర్ల మీద నాకు గౌరవమే ఉంది. కానీ టీవీలో పాఠం ఎవరికోసమూ ఆగదు. ఐదో తరగతిలో భిన్నాల దగ్గర పట్టు తప్పిన పిల్లాడి ముందు తొమ్మిదో తరగతి బీజగణితం గడగడా నడిచిపోతుంటే, వాడు చూసేది బొమ్మలే. "అర్థం కాలేదు సార్" అందామన్నా వినేవాళ్లు ఎవరు?

వాట్సాప్ గ్రూపుల సంగతీ అంతే. 2020 సెప్టెంబరులో, పల్లె పిల్లల చదువులు ఎలా ఉన్నాయో కొలిచే అసర్ సంస్థ ఫోన్ ద్వారా చేసిన సర్వేలో, గ్రామీణ భారతంలో బడి పిల్లలున్న ఇళ్లలో స్మార్ట్‌ఫోన్లు రెండేళ్లలో సుమారు 36 శాతం నుంచి 62 శాతానికి పెరిగాయని తేలింది. అదే సర్వేలో, ఆ వారం బడి నుంచి ఏదో ఒక పాఠ్య సామగ్రి అందిన పిల్లలు మూడింట ఒక వంతు మాత్రమే. అంటే ఫోను ఇంట్లోకి వచ్చింది గానీ దాని వెంట చదువు రాలేదు. 2024 అసర్ నివేదిక ఇంకా సూటిగా చెప్పింది. 14 నుంచి 16 ఏళ్ల వాళ్లలో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాళ్లలో అంతకు ముందు వారం చదువు పనికి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. ఇవి పల్లెల లెక్కలు. మన నగరంలో రీల్స్ తక్కువ చూస్తారని నేను అనుకోను.

ఇక ఇంట్లో ఫోను ఎవరిది అన్న ప్రశ్న. ఆటో నడిపే తండ్రి ఫోను ఆటోతోనే తిరుగుతుంది, రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరుతుంది. ఎంవీపీ కాలనీలో ఇళ్ల పనికి వెళ్లే తల్లి ఫోను ఆమెతోనే వెళ్లాలి, లేకపోతే అమ్మగారు పిలిస్తే పలకడానికి ఉండదు. జాలరిపేటలో ఒక తల్లి నాతో అన్న మాట ఇది: "ఫోను ఆళ్ల నాన్న కాడ ఉంటాది మేస్టారూ. ఆయన ఏటకెళ్తే ఈ పిల్లకి ఫోనూ లేదు, నాన్నా లేడు." హార్బర్ నుంచి వెళ్లిన మరబోట్లు రోజుల తరబడి సముద్రంలోనే ఉంటాయి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అప్పుడు తండ్రి ఇంట్లో ఉంటాడు, ఫోనూ ఉంటుంది. కానీ అవి ఇంచుమించు వేసవి సెలవులే! బడి తెరిచిన కొద్ది రోజులకే బోటు కదులుతుంది, ఫోనూ పోతుంది. ఇంటి ఫోను మీద ఆధారపడి పథకం రాసేవాళ్లు ఒక్కసారి హార్బర్ దాకా వెళ్లి ఈ క్యాలెండర్ చూసొస్తే బాగుండేది.

దానికి జవాబుగానే కదా ట్యాబ్‌లు ఇచ్చారు అంటారు. నిజమే. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. మరుసటి ఏడాది ఇంకో విడత. పేద పిల్లాడి చేతికి ఖరీదైన వస్తువు ప్రభుత్వం ఇవ్వడం నాకు నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది. అందులో పాఠాలు ముందే ఎక్కించి ఇవ్వడం, నెట్ లేకపోయినా నడవడం, మంచి ఆలోచన. కానీ ఆ ట్యాబ్ ఇంటికి వెళ్లాక ఏమైందో కాలనీల్లో తిరిగితే తెలుస్తుంది. కొన్ని ఇళ్లలో పగిలితే ఎవరు కట్టాలన్న టెన్షన్‌తో తల్లి దాన్ని పాత చీరలో చుట్టి బీరువాలో పెట్టింది. కొన్ని ఇళ్లలో పిల్లలు రెండో వారానికే లాక్ తీసే దారి కనిపెట్టేశారు (ఆ తెలివికి ముచ్చటపడ్డాను, పైకి మాత్రం తిట్టాను). పాఠాలు ఇచ్చిన బైజూస్ కంపెనీ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ప్రభుత్వం మారింది, పంపిణీ ఆగింది. ఏ ప్రభుత్వం తప్పెంత అన్న వాదన నాకు అక్కర్లేదు, అది టీవీ చర్చల్లో రోజూ వినబడుతూనే ఉంది. నేను చెప్పేది ఒక్కటే. ట్యాబ్ పక్కన పెద్దవాళ్లు లేని ఇంట్లో అది ఆటబొమ్మ అయినా అవుతుంది, దాచుకునే నగ అయినా అవుతుంది.

మరోవైపు, బడులు బాగుచేసిన నాడు-నేడు పథకం కింద హైస్కూళ్లలో తరగతి గదుల్లోకి వచ్చిన టచ్ స్క్రీన్ ప్యానళ్లు, ప్రైమరీ బడుల్లోకి వచ్చిన స్మార్ట్ టీవీలు ఎక్కడికీ పోలేదు. గోడకే ఉన్నాయి. మంచి టీచర్లు వాటిని చక్కగా వాడుతున్నారు కూడా. గుండె ఎలా కొట్టుకుంటుందో నా కాలంలో నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసేవాళ్లం, ఇప్పుడు కవాటాలు తెరుచుకుని మూసుకోవడం పిల్లలు కళ్లారా చూస్తున్నారు. కానీ పీరియడ్ నలభై నిమిషాలు, సిలబస్ పరుగు, వెనక బెంచీవాడికి రెండోసారి చూపించే తీరిక ఉండదు. నాలుగింటికి బెల్లు కొట్టగానే గదికి తాళం. ప్యానల్‌కి ఏమైనా అయితే హెచ్‌ఎం జవాబు చెప్పుకోవాలి కాబట్టి ఆ తాళం ఇంకాస్త గట్టిగా పడుతుంది. హెచ్‌ఎంలను తప్పుపట్టను, నేనైనా అదే చేసేవాణ్ని.

సాయంత్రం గది ఎందుకు పనిచేస్తుందో చెప్పడానికి ఊహలు అవసరం లేదు. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ అనే ఆర్థికవేత్తలు ఢిల్లీలో ఒక అధ్యయనం చేసి 2019లో ప్రచురించారు. ప్రభుత్వ బడుల మాధ్యమిక తరగతుల పిల్లల్లో లాటరీ తీసి కొందరికి బడి వేళల బయట ఒక కేంద్రంలో రోజుకు తొంభై నిమిషాలు చదువు చెప్పించారు. అందులో నలభై ఐదు నిమిషాలు కంప్యూటర్ మీద, పిల్లాడు ఏ స్థాయిలో ఉంటే అక్కడి నుంచి. మిగతా నలభై ఐదు నిమిషాలు చిన్న గుంపుల్లో ఒక మనిషి దగ్గర. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో స్పష్టమైన మెరుగుదల కనిపించింది. నన్ను కలవరపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. ఆ కేంద్రానికి రాని పిల్లల్లో బాగా వెనకబడినవాళ్లు, బడికి వెళ్తూ కూడా ఆ కాలంలో దాదాపు ఏమీ ముందుకు కదల్లేదు. వాళ్ల తరగతి పాఠం వాళ్ల తల మీదుగా పోతోంది. మన రాష్ట్రంలోనూ కొన్ని బడుల్లో పీఏఎల్ (పర్సనలైజ్డ్ అడాప్టివ్ లెర్నింగ్, అంటే పిల్లాడి స్థాయిని బట్టి చదువు) పేరుతో ఇలాంటి ట్యాబ్ ల్యాబ్‌లు నడిచాయి, నోబెల్ గ్రహీత మైకేల్ క్రెమర్ బృందం వాటిని పరిశీలించింది. అంటే ఇదేదో నేను కొత్తగా కనిపెట్టింది కాదు, మీ శాఖ ఫైళ్లలో ఉన్నదే.

ఆ గదిలో నిజంగా ఏం జరగాలో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే "వీడియోలు వేసి పిల్లల్ని కూర్చోబెడతారట" అని ఎవరైనా అనేస్తే ఇదంతా వృథా.

ఎనిమిదో తరగతి పిల్ల. 1003 నుంచి 478 తీసివేయమంటే 1475 అని రాసింది. ఎలా వచ్చిందో చూడండి: మూడు, ఎనిమిది ఎదురెదురుగా ఉన్నాయి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి ఐదు. సున్నా, ఏడు, తేడా ఏడు. సున్నా, నాలుగు, తేడా నాలుగు. ఒకటి కిందకి. నిజానికి చాలా క్రమశిక్షణతో చేసిన తప్పు అది. యాప్ ఏం చేస్తుంది? ఎర్ర గుర్తు పెట్టి, అలాంటిదే ఇంకో లెక్క ఇస్తుంది. మంచి యాప్ అయితే సున్నాలున్న తీసివేతలు రావట్లేదని పసిగట్టి మూడో తరగతి మెట్టుకు దించి, పదుల కట్టలు విప్పి చూపిస్తుంది. అది నిజంగా గొప్ప పని. ముప్పై మందిని ముప్పై మెట్ల మీద నిలబెట్టి విసుగు లేకుండా లెక్కలివ్వడం నా వల్ల కాదు, ఏ మాస్టారి వల్లా కాదు. పైగా అందరి ముందూ మూడో తరగతి లెక్క చేయడానికి సిగ్గుపడే పిల్ల, స్క్రీన్ ముందు సిగ్గుపడదు.

కానీ ఆ పిల్లని ఒక మాట అడగాలి. "అమ్మాయ్, వెయ్యి మూడు రూపాయలు పట్టుకెళ్లి పూర్ణా మార్కెట్లో నాలుగొందల డెబ్బై ఎనిమిదికి సరుకులు కొన్నావు. ఇంటికొచ్చాక నీ దగ్గర పద్నాలుగొందలు మిగిలాయా?" ఆ మాటకు పిల్ల నవ్వుతుంది. ఆ నవ్వులో లెక్క అర్థమవుతుంది. జవాబు మొదటి సంఖ్య కంటే పెద్దగా ఎందుకొచ్చిందో తనంతట తనే వెతుక్కుంటుంది. ఈ ప్రశ్న అడిగే మనిషి ట్యూషన్ మాస్టారే కానక్కర్లేదు, పిల్ల వైపు చూసే ఓపిక ఉంటే చాలు. యంత్రం చేసేది యంత్రం, మనిషి చేసేది మనిషి చేస్తేనే అది కలగలిసిన చదువు. మనం ఇన్నాళ్లూ యంత్రాన్ని కొని, మనిషి ఖర్చు మిగుల్చుకున్నాం.

భాష విషయంలోనూ మనిషి కావాలి. పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్‌గా ఇస్తున్నారు, చాలా మంచి పని. కానీ వీడియో ఆ రెండు పేజీల మధ్య ఆగదు. పుస్తకంలోని దీక్షా (కేంద్రం నడిపే ఆన్‌లైన్ పాఠాల పోర్టల్) క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చే పాఠం ఇంగ్లిష్‌లో పరుగెడుతుంటే, మధ్యలో ఆపి "అంటే ఏటో తెలుసా?" అని అడిగి మన మాటలో చెప్పేవాళ్లు ఉండాలి.

కరోనా కాలంలో కేరళ కూడా టీవీ పాఠాలే నడిపింది, 2020 జూన్ 1న ఫస్ట్ బెల్ పేరుతో. అయితే ఇంట్లో టీవీ లేని పిల్లల కోసం గ్రంథాలయాల్లో, అంగన్‌వాడీల్లో టీవీ పెట్టి పిల్లల్ని కూర్చోబెట్టారు. అక్కడి గ్రంథాలయాల బలం వేరు అనుకోండి. మనకూ ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు ఉంది, ఏళ్లుగా కడుతూనే ఉన్నాం. ఆ డబ్బు గ్రంథాలయ సంస్థకు ఎంత చేరుతోంది, ఎంత బకాయి ఉంది అన్నది కమిషనర్ గారు ఒక్కసారి వార్డులవారీగా ప్రకటిస్తే, సాయంత్రం గదికి పుస్తకాలు ఎక్కడినుంచి వస్తాయన్న చర్చ అక్కడే మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న, గదిలో ఎవరు కూర్చుంటారు? టీచర్లు కాదు. దయచేసి కాదు. పొద్దున హాజరు నుంచి మధ్యాహ్న భోజనం దాకా యాప్‌ల్లో పడి నలిగిన మనుషులు వాళ్లు. వాళ్ల నెత్తిన సాయంత్రం కూడా వేస్తే, కాగితం మీద నడుస్తుంది, గదిలో నడవదు. భీమిలి డైట్ (టీచర్ల శిక్షణ సంస్థ)లో, బీఈడీ కాలేజీల్లో చదివేవాళ్లకు ఎలాగూ బడుల్లో ఇంటర్న్‌షిప్ ఉంటుంది. అందులో కొంత భాగం ఈ సాయంత్రాలకు లెక్కేయవచ్చు. డీఎస్సీకి ప్రిపేర్ అవుతూ నగరంలో గదులు అద్దెకు తీసుకుని ఉన్న యువతీ యువకులు ఎంతమందో! చిన్న గౌరవ వేతనం ఇస్తే సంతోషంగా వస్తారు, వాళ్లకూ చెప్పడం అలవాటవుతుంది. వార్డు సచివాలయాల్లో విద్యా కార్యదర్శి అనే ఉద్యోగులు ఉన్నారు, పేరులో విద్య ఉన్నా పనిలో ఎక్కువ డేటా ఎంట్రీయే. ఎవరు ఏ రోజు వస్తారో చూసుకునే బాధ్యత వాళ్లకు ఇవ్వండి. మాలాంటి రిటైర్డ్ వాళ్లం ఎలాగూ వాకింగ్ అయ్యాక ఖాళీయే.

డబ్బు గురించి ఎక్కువ రాయను. పోర్టు, హెచ్‌పీసీఎల్ లాంటి సంస్థల సీఎస్‌ఆర్ నిధులు ఉన్న ఊరు ఇది. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ 15 బిలియన్ డాలర్ల ఏఐ హబ్ ప్రకటించింది, సముద్రం కిందనుంచి కేబుళ్లు మన తీరానికే వస్తాయంటున్నారు. రుషికొండలో ఐటీ కంపెనీకి 99 పైసలకు భూమి ఇచ్చిన ప్రభుత్వం మనది. ఉద్యోగాలు వస్తాయంటే నేనూ సంతోషిస్తాను. అంత ఉదారత చూపిన చోట, ఆ కొండల కిందే ఉన్న మున్సిపల్ బడికి సాయంత్రం రెండు గంటల కరెంటు బిల్లు, ఒక మనిషి గౌరవ వేతనం అడగడం ఎక్కువ కాదనుకుంటాను.

కొన్ని జాగ్రత్తలు. పాఠాలు నెట్ మీదే ఆధారపడకుండా ప్యానల్‌లో, పెన్‌డ్రైవ్‌లో దాచి ఉంచాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు రోజుల తరబడి ఈ నగరం కరెంటు, సిగ్నల్ లేకుండా ఎలా ఉందో మనకు తెలుసు. ఏటా వాయుగుండం సెలవులు ఉండనే ఉంటాయి. ఆ రోజుల్లో "ఆన్‌లైన్ క్లాసులు పెట్టండి" అని ఉత్తర్వు మాత్రం ఇవ్వకండి, నీళ్లు కారే రేకుల ఇంట్లో ఎవరూ క్లాసు వినరు.

స్క్రీన్ సమయానికి హద్దు ఉండాలి. ఆన్‌లైన్ క్లాసుల గురించి 2020లో కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాలు ఎనిమిదో తరగతి దాకా రోజుకు ముప్పై నుంచి నలభై ఐదు నిమిషాల సెషన్లు రెండు మించొద్దన్నాయి. సాయంత్రం గదిలో ఒక్క సెషన్ చాలు, మిగతాది కాగితం, పెన్సిలు, మాట.

ఆడపిల్లల విషయం అన్నిటికంటే ముఖ్యం. డిసెంబరులో మన ఊళ్లో ఐదున్నరకే పొద్దుగూకుతుంది. కొండవాలు కాలనీల మెట్ల దారుల్లో చాలా చోట్ల దీపం ఉండదు. చలికాలంలో ఐదుంపావుకే గది ముగించాలి, ఎండాకాలంలో ఆరున్నర దాకా ఉంచవచ్చు. బడి నుంచి కాలనీ దాకా వీధిదీపాలు వెలుగుతున్నాయో లేదో గది తెరవకముందే జీవీఎంసీ చూడాలి. ఇది లేకపోతే గదికి మగపిల్లలే వస్తారు. అప్పుడు ఈ పథకం ఎందుకు?

ఇంకా, ఈ గదికి హాజరు పట్టీ ఆన్‌లైన్‌లో వద్దు. ఫోటో అప్‌లోడ్ వద్దు. మార్కులు వద్దు. ఫోటో తప్పనిసరి చేసిన మర్నాటి నుంచి గదిలో జరిగేది ఫోటో దిగడమే. కావాలంటే మూడు నెలలకోసారి ఎవరైనా వచ్చి, పిల్లలకు ఒక తీసివేత, ఒక భాగహారం ఇచ్చి, తెలుగులో ఒక పేరా చదివించి చూడండి. 2024 అసర్ లెక్కల్లో దేశవ్యాప్తంగా గ్రామీణ ఎనిమిదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగినవాళ్లు సగానికి తక్కువే. ఆ కొలబద్ద ఒక్కటి చాలు. నాలుగింటికి పిల్లలకు ఆకలేస్తుంది, మధ్యాహ్న భోజనంలో చిక్కీ ఇస్తున్నట్టే సాయంత్రం గుప్పెడు గుగ్గిళ్లు పెడితే సగం పిల్లలు వాటికోసమే వస్తారు. రానివ్వండి.

అన్ని బడుల్లో ఒకేసారి మొదలుపెట్టమనను. హార్బర్ దగ్గర ఒకటి, ఒక కొండవాలు కాలనీలో ఒకటి, మల్కాపురం వైపు పరిశ్రమల పక్కన ఒకటి, మధురవాడ వైపు ఇంకొకటి. నాలుగు చోట్ల నాలుగు రకాల ఇబ్బందులు బయటపడతాయి, అవి చూసి మిగతాచోట్లకు వెళ్లొచ్చు. ఉత్తర్వులో మాత్రం ఒక వాక్యం తప్పక ఉండాలి: సాయంత్రం వేళ ప్యానల్‌కి నష్టం జరిగితే హెచ్‌ఎం జీతంలోంచి కోత ఉండదు. ఆ భయం పోనంతవరకు ఏ హెచ్‌ఎమ్మూ గది తెరవరు, మీరు ఎన్ని సమీక్షలు పెట్టినా.

ఈ లేఖ ప్రతిని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్‌ఎస్ (ప్రజల అర్జీలు తీసుకునే కార్యక్రమం)లో అర్జీగా కూడా ఇస్తున్నాను. దాన్ని కలెక్టరేట్ నుంచి విద్యాశాఖకు, విద్యాశాఖ నుంచి జీవీఎంసీకి తిప్పి, చివరికి నా ఫోనుకు "మీ అర్జీ పరిష్కరించబడింది" అని మెసేజ్ పంపొద్దని మనవి. వద్దనుకుంటే వద్దని, ఎందుకు వద్దో రెండు ముక్కలు రాసి ముగ్గురూ సంతకం పెట్టి పంపండి. చేద్దామనుకుంటే ఆ నాలుగు బడుల పేర్లు చెప్పండి. అందులో కొండవాలు బడికి వారానికి మూడు సాయంత్రాలు నేను వస్తాను, గౌరవ వేతనం అక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
విశాఖపట్నం